ఉండా

పుత్తూరు రోడ్డు పక్కన
మా దొరసామి మామ ఎముకలు కట్టే కొట్టంలో
పాత పంచెలు పట్టీలుగా చించతా పెరిగినా.
కోడిగుడ్డు సొన, ఆకు పసరు, వెదురు బద్దలు.
ఎన్ని సబ్బులు మార్చినా
నా చేతుల వాసన ఈ పొద్దుకీ అదే.

వేలూరు నించి ఒకడు, కోలారు నించి ఒకడు,
ఎనుము తోసేసిందని నారాయణవనం నించి ఒక ముసలామె.
బెంచీ మీద కూచున్నంతసేపూ మూడు భాషలు.
ఎముక లాగేటప్పుడు మాత్రం
మామ అందర్నీ ఒకటే అడుగుతాడు:
"ఉండావా?"
పండ్లు బిగబట్టి వాళ్ళు, "ఉండా."
ఆ మాట చెవిన పడినాకే
ఆయన బద్ద పెట్టేది.

మా కన్నియమ్మవ్వ లెక్కలు అరవంలో,
తిట్లు తెలుగులో,
నిద్దట్లో మాట్లాడేది
ఏ బడిలోనూ చెప్పని దాంట్లో.
బళ్ళో నన్ను అరవపిల్ల అన్నారు.
తిరుత్తణిలో చిన్నమ్మ ఇంటికి పోతే
తెలుంగుకారి వచ్చిందన్నారు.
తొమ్మిదేళ్ళు నాకు.
నగరి కొండ ముక్కు
ఎటుపక్క గాలి పీలస్తా ఉంది అని అడిగితే
నోరు మూసుకోని తినమన్నారు.

అవ్వ పోయిన నెలకి,
తిరుపతి కాలేజీకి పోయే బస్సులో,
వడమాలపేట దాటినాక,
మామ పసరు లెక్కలు రాసుకునే చీటీ వెనకాల
పెన్సిలుతో నాలుగు లైన్లు రాసినా.

మా యవ్వ లేదు
ఆమె తిట్లుండాయి
వాటి నడాన
నేనుండా

తెలుగు సారుకి చూపించినా.
చెడ్డాయన కాదు. నా ఫీజు ఒకసారి కట్టినాడు కూడా.
ఎర్ర పెన్ను తీసి రెండే చోట్ల దిద్దినాడు.
ఉన్నాయి. ఉన్నాను.
"ఇప్పుడు చూడమ్మా, ఎంత బాగుందో."
బాగానే ఉండింది.
ఎవరో ఆడపిల్ల
ఇస్త్రీ చీర కట్టుకోని నిలబడినట్టు ఉండింది.
ఆమె అవ్వ చచ్చిపోయినట్టు మాత్రం లేదు.

అయినా పద్దెనిమిదేళ్ళు
ఉన్నాను, ఉన్నాను అనే రాసినా.
పత్రికల్లో వేసినారు.
ఒక శాలువా కప్పినారు.
మామ దాన్ని వేళ్ళతో నలిపి చూసి
"నూలు గాదే, కట్టుకి పనికిరాదు" అన్నాడు.

పోయిన ఆడి నెలలో ఆయనే జారి పడినాడు,
గాబు దగ్గర, కుడి మణికట్టు.
"నువ్వే లాగు" అన్నాడు.
"నాకు రాదు మామా."
"ఇన్నేండ్లు ఏం చించినావు మరి?"
పట్టుకున్నా.
చర్మం కింద ఎముక రెండు మాటలుగా తగిలింది.
లాగతా, అలవాటు తప్పిన నోటితో
"ఉన్నావా మామా?" అన్నా.
పలకలేదు.
కండ్లు తెరిచి, కొత్త మనిషిని చూసినట్టు చూసి,
"ఎవుర్ని అడగతా ఉండావు?"

చెమట ఆయనకి కాదు, నాకు పట్టింది.
"ఉండావా?"
"ఉండా. లాగు."

ఎముక కూచున్న చప్పుడు
చెవికి కాదు, అరచేతికి వినబడతాది.
అప్పట్నించి రాసిన ప్రతి లైనునీ
రెండు కొసలా పట్టి కొంచెం లాగి చూస్తా ఉండా.
మూలిగితే సరే.
మూలగకపోతే
అది ఎవరి చెయ్యో.

మొన్న తిరుపతిలో చిన్న సభ.
ఇరవై మంది ఉంటారు, సగం మంది టీ కోసం.
మామ కట్టు మీద రాసింది చదివినా.
చివరాకరి మాట దగ్గర ఆగి,
కాగితం మీద నించి తల ఎత్తి
"ఉండావా?" అన్నా.

వెనక వరసలో కుర్చీలు పేరస్తా ఉండే ఆయన
ఉలిక్కిపడి తిరిగినాడు.
"ఆఁ, ఉండానమ్మా, ఈడనే ఉండా.
మైకు ఆపెయ్యమంటారా?"